గోల్‌కీపర్ నూకరత్నంతో సింగపూర్‌లో ఆరు రోజులు

సింగపూర్ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే: శుభ్రంగా ఉంది. అక్కడితో ఆపేస్తున్నాను. మిగతాది మొదలుపెడితే గొంతు పెరుగుతోంది. ఎదుటివాళ్లు టీ కప్పు కింద పెట్టి, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంటున్నారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఎంత అరిచినా ఎవరూ మాత్ర గురించి అడగరు.

నేను విశాఖపట్నంలో ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకి ఆటలు నేర్పి రిటైరయ్యాను. తర్వాత నిలువ నీడ లేని ఆడవాళ్ల కోసం నడిచే ఒక షెల్టర్‌కి వెళ్లి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాను. పెద్ద మైదానంలో ఆడే ఆట కాదిది. బాస్కెట్‌బాల్ కోర్టంత సిమెంటు నేల, అటు నలుగురు, ఇటు నలుగురు, ఏడేసి నిమిషాలు రెండుసార్లు. మొదటి నెల ఎవరూ బంతి వైపు చూడలేదు. రెండో నెల నుంచి పొద్దున్న ఆరింటికల్లా జుట్టు ముడేసుకుని వచ్చి నిలబడేవాళ్లు. ఒకామె ఆట కోసం గుట్కా మానేసింది. మాటిమాటికీ షెల్టర్ వదిలి పారిపోయే ఇంకొకామె, జట్టులో పేరు పోతుందని ఉండిపోయింది. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఒకరు రాకపోతే ముగ్గురే మిగులుతారు, ఆట సాగదు. కాబట్టి ఆ ముగ్గురూ ఎదురుచూస్తారు. వీళ్లలో చాలామంది కోసం అంతకుముందు ఎవరూ ఎదురుచూడలేదు.

నూకరత్నం మా గోల్‌కీపరు, కెప్టెన్ కూడా. ఇరవై ఆరేళ్లుంటాయి. గోల్‌పోస్టు దగ్గర నిలబడతానని తనే అడిగింది. ఎందుకమ్మా అంటే, "ఎనకాల ఎవులూ ఉండరు కదా మేడం" అంది. ఆరుబయట పడుకున్న మనిషికి వీపు వెనక గోడ ఎంత అవసరమో నాకు ఆ రోజు తెలిసింది.

సింగపూర్‌లో ఉంటున్న కొందరు తెలుగువాళ్లు మా జట్టు గురించి విని, ఆరుగురు అమ్మాయిలకీ నాకూ టికెట్లు పెట్టి పిలిచారు. అక్కడ వుడ్‌ల్యాండ్స్ అనే చోట ఇళ్లు లేనివాళ్లతో ఇలాంటిదే ఒక జట్టుంది. చివరి రోజు వాళ్లతో ఆట.

టాంపినీస్‌లో బూట్లు

మమ్మల్ని పిలిచిన వాళ్లకి పెద్దదిక్కు ప్రసాద్ గారు. గుంటూరు మనిషి, బ్యాంకు ఉద్యోగం. ఆయన భార్య సుజాత. టాంపినీస్‌లో పన్నెండో అంతస్తులో వాళ్ల ఫ్లాట్. నేనూ, నూకరత్నమూ, జట్టులోనే ఇంకో అమ్మాయి షహీనూ అక్కడ దిగాం. మిగతా నలుగురూ ఎదురు బ్లాకులో ఇంకొక తెలుగు కుటుంబం దగ్గర.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సుజాత చేతి గోంగూర పప్పు అమృతం. మేం దిగిన గంటలోనే ఆరుగురికీ దువ్వెనలు, సబ్బులు, టవళ్లు విడివిడిగా సంచుల్లో పెట్టి ఇచ్చింది. ఆ ఇంట్లో మమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆ తర్వాత జరిగినదానికి నా కోపం ఇంత కాలం చల్లారకపోవడానికి అదీ ఒక కారణం. చెడ్డవాళ్ల మీద కోపమైతే ఒక పూటలో పోతుంది.

అక్కడ అందరూ చెప్పులు గుమ్మం బయట వరండాలోనే వదిలేస్తారు. రోజుల తరబడి అలాగే ఉంటాయి. నూకరత్నం ఆ వరస చూసి, "ఎవులూ అట్టుకెళ్లిపోరా?" అంది.

"ఇక్కడ ఎవరూ తియ్యరు, సేఫ్" అంది సుజాత.

నూకరత్నం తల ఊపి, తన ఆట బూట్లు మాత్రం లోపలికి తెచ్చుకుని, మంచం కింద, గోడ వైపు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే సుజాత నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది. "మేడం, మీరు పంపిన ఫొటోల్లో అమ్మాయిలు వేసుకున్న పాత టీషర్టులున్నాయి చూడండి, అవి తెచ్చారా? ఎల్లుండి స్పాన్సర్లతో పెట్టిన డిన్నర్‌కి అవైతే బాగుంటుంది. ఈ కొత్త జెర్సీల్లో అందరూ... అంటే... మామూలుగా ఉన్నారు."

మామూలుగా కనిపించడానికే ఆ జెర్సీలు కుట్టించాం. వీపు మీద పేర్లు అమ్మాయిలే దగ్గరుండి వేయించుకున్నారు. నేను "తేలేదమ్మా" అని ఊరుకున్నాను. అప్పుడే గట్టిగా అడగాల్సింది, ఎందుకని. కొత్త చోటు, వాళ్ల తిండి తింటున్నాం, మొహమాటం. ముప్పై ఏళ్లు ఈల వేసి పిల్లల్ని ఆపిన దాన్ని, ఆ పూట నోరు మూసుకున్నాను.

ఒక టిష్యూ పొట్లం

మర్నాడు పొద్దున్నే వుడ్‌ల్యాండ్స్ వెళ్లాం. రైల్లో గంట పైనే పట్టింది. దిగాక హాకర్ సెంటర్‌లో టిఫిను. అంటే ఒకే కప్పు కింద వరసగా యాభై తిండి కొట్లు, మధ్యలో బల్లలు. పరోటా లాంటి రొట్టె, పక్కన చేపల పులుసు. మా అమ్మాయిలు పొద్దున్నే చేపల పులుసు అనేసరికి ఊరు గుర్తొచ్చి పండగ చేసుకున్నారు. టీ మాత్రం ధర చూశాక నాకు గొంతు దిగలేదు. ఆ డబ్బుతో మా షెల్టర్ గేటు దగ్గర పదిమందికి టీ ఇప్పించొచ్చు.

ఒక బల్ల ఖాళీగా ఉంది. మీద చిన్న టిష్యూ పొట్లం ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని షహీన్ అది విప్పి అందరికీ తలా ఒకటి పంచింది. చేతులు తుడుచుకున్నాం. ఇంతలో ఆఫీసు దుస్తుల్లో ఒకాయన పళ్లెం పట్టుకుని వచ్చి మా నెత్తిన నిలబడ్డాడు. ఆ పొట్లం పెట్టడమంటే బల్ల తనదని చెప్పడమట. మన బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టు. ఆయన రుమాలుతో మేం చేతులు తుడుచుకున్నాం.

పక్కన బల్లలు తుడుస్తున్న ఒక పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. ఆ ఆఫీసాయనకి ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పి పంపించి, మా వైపు తిరిగి, "పర్వాలేదు లా, కూకోండి. మీరు తెలుగోళ్లా? ఏ వూరు?" అన్నాడు, అక్కడివాళ్లలా మాటకి "లా" తగిలించి.

నూకరత్నం చటుక్కున కూర్చుంది. ఆ "కూకోండి" వాళ్ల అమ్మమ్మ మాట.

ఆయనే అప్పలరాజు. మేం ఆడబోయే జట్టుకి గోల్‌కీపరు.

బెంచీ మధ్యలో ఇనుప కమ్మీ

అప్పలరాజుకి యాభై ఎనిమిదేళ్లు. శుభ్రంగా గీసిన గడ్డం, మడత నలగని చొక్కా. ఇల్లు లేనివాడని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నేనూ నమ్మలేదు. మన దగ్గర ఇల్లు లేనితనం ఫుట్‌పాత్ మీద పడి ఉంటుంది, కాలికి తగులుతుంది. అక్కడ అది ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికెళ్తుంది.

పని అయిపోయాక మమ్మల్ని ప్రాక్టీసు కోర్టుకి నడిపించుకు వెళ్లాడు. దారిలో చెబుతున్నాడు.

"మా తాత సీకాకుళం సైడు నుంచి ఈ పక్క దేశము, జోహోర్ రబ్బరు తోటకి వొచ్చినాడు. మా అప్పా ఇక్కడ రేవులో వేలై, కూలి పని. నాను పుట్టింది ఇక్కడే. పెళ్లాము విడిపోయినాది, ఫ్లాటు అమ్మేసినాము. నాను జోహోర్‌లో అద్దెకి పోయినాను, వంతెన దాటి దినమూ పనికి వొచ్చేవోణ్ణి. ఒళ్లు బాగోలేదు, మూడు నెలలు పని లేదు, ఆ గది కూడా పోయినాది."

"ఇప్పుడెక్కడ ఉంటన్నావు మావా?" నూకరత్నం అడిగింది. అక్కడ పెద్దవాళ్లందరినీ అంకుల్ అంటారు. ఈమె అప్పటికే మావా అనేసింది.

"అదిగో" అని ఒక బ్లాకు కింద చూపించాడు. అక్కడి ఇళ్లన్నీ స్తంభాల మీద కట్టిన ఎత్తైన బ్లాకులు. కింద అంతస్తు ఖాళీగా, గచ్చు చేసి, గాలి ఆడుతూ ఉంటుంది. బెంచీలు వేశారు. ప్రతి బెంచీ మధ్యలోనూ చెయ్యి ఆనించుకునేందుకన్నట్టు ఒక ఇనుప కమ్మీ. గోడ మీద బోర్డు: ఇక్కడ ఫుట్‌బాల్ ఆడరాదు.

"చెయ్యి పెట్టుకోడానికి బాగుంది" అన్నాను, తెలియక.

నూకరత్నం ఆ బెంచీ మీద ఒక్క క్షణం చెయ్యి వేసి చూసి, "పడుకోకుండా పెట్టేరు మేడం" అంది. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రెండు దేశాల్లో ఎవరో ఒకరు కూర్చుని, మనిషి నడుం వాల్చకుండా ఎలా చెయ్యాలా అని కొలతలు వేసి ఉంటారు. ఆ కొలతలకి జీతం కూడా తీసుకుని ఉంటారు.

కోర్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. చుట్టూ కంచె, నున్నటి నేల. వాళ్ల జట్టులో ఏడుగురు. వారానికి రెండు రోజులు వస్తారు, నడిపించేది ఇద్దరు వాలంటీర్లు. ఆట వల్ల ఏమొచ్చిందని అడిగాను అప్పలరాజుని. నా ఉద్యోగంలో అలవాటైన ప్రశ్న.

"ఆటకి రాకపోతే ఎవరో ఒకరు ఫోను చేస్తారు, అంకుల్ ఎక్కడ అని" అన్నాడు. "మిగిలిన దినాల్లో నాను సచ్చినా తెలీదు. అందుకని మంగళారం, శనారం తప్పకుండా బతికుంటాను." అని తనే నవ్వాడు. మేం నవ్వలేదు.

ఆ సాయంత్రం ప్రసాద్ గారితో అన్నాను, రేపు డిన్నర్‌కి అప్పలరాజుని కూడా పిలుద్దామని. తెలుగువాడు, శనివారం మా ఎదురు జట్టు.

"మేడం, ఇక్కడ హోమ్‌లెస్ అంటూ ఎవరూ ఉండరు. మీకెవరో తప్పు చెప్పారు" అన్నాడాయన. "మనవాళ్లలో అయితే అసలే లేరు."

"ఇవాళ ఆయన పడుకునే చోటు చూసొచ్చానండీ."

"ఏదో ఫ్యామిలీ ఇష్యూ అయి ఉంటుంది. పాపం. కానీ ఇప్పుడాయన్ని పిలిస్తే ప్రోగ్రాం ఫోకస్ మారిపోతుంది."

సముద్రం అవతల ఉన్న పేదరికానికి విమానం టికెట్ కొన్నారు. రైల్లో గంట దూరంలో ఉన్నదానికి ఒక విస్తరి వెయ్యలేకపోయారు.

విందు

అద్దెకి తీసుకున్న హాలు, గుండ్రటి బల్లలు, బిర్యానీ, ఖద్దరు చొక్కాలు, పట్టుచీరలు. మా అమ్మాయిలు కొత్త జెర్సీల్లో మొదటి బల్ల దగ్గర కూర్చున్నారు. ప్రతి బల్ల మీదా రంగురంగుల పుస్తకం. మా వాళ్లు ముందుగా తమ ఫొటోలు చూసుకుని మురిసిపోయారు. అందులో రాసిందంతా ఇంగ్లీషు.

సుజాత మైకు తీసుకుంది. దీపాలు తగ్గించారు. తెర మీద నూకరత్నం మొహం వచ్చింది, తలుపంత. కింద అక్షరాలు. సుజాత చదవడం మొదలుపెట్టింది. చక్కటి ఇంగ్లీషు, మధ్యమధ్యలో గొంతు వణికిస్తూ.

చదువుతున్నది నూకరత్నం జీవితంలో అన్నిటికన్నా ఘోరమైన రోజు గురించి.

అదేమిటో నేనిక్కడ రాయను. తెలుసుకోవాలని మీకు ఉంటుందని తెలుసు. ఆ హాల్లో వాళ్లకీ ఉంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు ఫోన్లో తీసుకున్నారు.

నూకరత్నానికి ఇంగ్లీషు రాదు. తన ఫొటో చూసి ముందు నవ్వింది. అందరూ తన వైపు తిరిగి చూస్తుంటే నవ్వు ఆగింది. పక్కనున్న షహీన్‌ని, "ఏటి సదువుతందే?" అని అడిగింది. షహీన్ పదో తరగతి దాకా చదువుకుంది. తల దించుకుని రెండు ముక్కలు చెప్పింది. ఆ రెండు ముక్కలే చాలాయి. జట్టులో మిగతా ఎవరికీ ఆ సంగతి తెలియదు. షహీన్‌కీ అప్పుడే తెలిసింది.

నూకరత్నం ఏడవలేదు. ఎదురుగా ఉన్న పళ్లెం కొంచెం ముందుకు తోసి, చేతులు రెండూ బల్ల కింద పెట్టుకుని కూర్చుంది, విందు అయ్యేదాకా.

ఇక నా సంగతి చెప్పాలి. అది రాసింది నేనే. ప్రయాణానికి ముందు వాళ్లు ఒక ఫారం పంపారు. ఎత్తు, వయసు, ఎన్నాళ్లుగా ఆడుతోంది, ఆ కింద ఒక పెద్ద గడి: ఆమె జీవితంలో అత్యంత కష్టమైన రోజు. ఆరు ఫారాలు ఒక మధ్యాహ్నం కూర్చుని నింపాను. నూకరత్నం ఒకసారి, వానలో ఆట ఆగిపోయి షెల్టర్ మెట్ల మీద కూర్చున్నప్పుడు, నాకొక్కదానికే చెప్పింది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి, బాగా వచ్చిందని రెండోసారి చదువుకుని, పంపేశాను. ఆమెని అడగలేదు. టికెట్లు వస్తాయి కదా అనుకున్నాను.

విందు అవగానే ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను. ఆ పుస్తకాలన్నీ వెనక్కి ఇప్పించమన్నాను.

"ప్రింటయి అందరికీ ఇచ్చేశాం మేడం. ఇంటెన్షన్ మంచిదే కదా. ఎంత మంది కదిలిపోయారో చూశారా?"

"మీ ఇంట్లో జరిగిన కష్టం ఇలా తెర మీద వేస్తారా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు. అయినా మ్యాటర్ పంపింది మీరే కదా" అన్నాడు. ఆ రెండో మాట నిజం. నిజం కాబట్టి ఇంకా మండింది.

రైల్లో

మర్నాడు, ఆట కోసం అదనంగా పెట్టిన ప్రాక్టీసుకి వెళ్తూ రైల్లో నూకరత్నం నా ఎదుటి సీట్లో కూర్చుంది. నాలుగు స్టేషన్లు గడిచాక అడిగింది.

"ఆ కాయితం మీరే రాసేరా మేడం?"

"నేనే రాశాను."

"నన్ను అడగలేదేటి?"

తప్పయిందన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. కోర్టులో నేను చెప్పేది వినకుండా అప్పలరాజు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ఆమెకి మోకాళ్లు వంచి దూకడం నేర్పుతున్నాడు. నేను కంచె అవతల కూర్చున్నాను.

విశ్రాంతి సమయంలో వాళ్ల మాటలు వినపడ్డాయి. జరిగింది ఆమె చెప్పినట్టుంది.

"నన్నూ అడిగినారు మా వాలంటీర్లు ఫొటోకి" అంటున్నాడు అప్పలరాజు. "నా కూతురు సూస్తాది, వొద్దు అన్నాను. సరే అంకుల్ అన్నారు, అంతే. ఫొటో లేకపోతే బంతి ఆగదా ఏటి?"

ఇద్దరు వాలంటీర్లకి తెలిసిన మర్యాద, ముప్పై ఏళ్ల సర్వీసున్న నాకు తెలియలేదు.

ఆట రోజు

శనివారం పొద్దున్న ఆట. ప్రసాద్ గారూ, ఇంకో పాతికమంది తెలుగువాళ్లూ బ్యానరు పట్టుకుని వచ్చారు. కంచె పొడుగునా ఫోన్లు పైకి లేచాయి. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

నూకరత్నం గోల్ దగ్గర్నించి నడిచి వచ్చి, కోర్టు మధ్యలో ఉన్న బంతి మీద కూర్చుంది.

"ఫోన్లు లోపలెట్టండి. అప్పుడాడతాం" అంది. గొంతు పెంచలేదు.

షహీన్ వెళ్లి పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత మిగతా నలుగురూ. అప్పలరాజు తన వాళ్లకి ఏదో చెప్పాడు. వాళ్లూ వచ్చి కూర్చున్నారు. పదమూడు మంది ఆటగాళ్లు ఎండలో సిమెంటు మీద.

ప్రసాద్ గారు నా దగ్గరికి వచ్చారు. "మేడం, కొంచెం చెప్పండి అమ్మాయికి. స్పాన్సర్లకి వీడియో పంపాలి."

"ఆమె కెప్టెనండీ. కోర్టులో నేను చెప్పకూడదు."

"ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఇదా?"

అక్కడ నా నోరు లేచింది. ఆయన వెనకే గేటు బయటికి వెళ్లి మరీ, పది నిమిషాల పైనే అరిచాను. అన్నవన్నీ రాయను. కొన్ని అనకూడనివి. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను. బ్యానరు చుట్టేశారు. సగం మంది వెళ్లిపోయారు, ప్రసాద్ గారితో సహా. మిగిలినవాళ్లు ఫోన్లు జేబుల్లో, సంచుల్లో పెట్టేశారు. అందులో సుజాత ఉంది. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వేసి, ఒళ్లో పెట్టుకుని, గట్టు మీద కూర్చుంది.

నేను గేటు దగ్గర్నించి తిరిగొచ్చేసరికి మొదటి సగం అయిపోయి, రెండోది చాలా వరకు నడిచింది. ఆరు గోల్స్‌కి నాలుగు. ఓడిపోయాం. కానీ ఈల మోగాక అప్పలరాజు వచ్చి నూకరత్నం చేతి తొడుగులు చూసి, తనవి తీసి ఆమెకి ఇచ్చేశాడు. అవి కొత్తవి. ఆమె తీసుకుని పెట్టుకుంది, కొంచెం పెద్దవయ్యాయి.

సుజాత ఒక సంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. లోపల ఆ పుస్తకాలు. "ఇంట్లో మిగిలినవీ, నిన్న ఫోన్లు చేసి వెనక్కి తెప్పించినవీ మేడం. ఇంకా చాలా మంది ఇళ్లల్లో ఉన్నాయి" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సారీ చెప్పడానికి నూకరత్నం వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. నాకు ఆమె మీద జాలి కలగలేదు. ఇప్పుడు కొంచెం కలుగుతోంది.

వచ్చాక

ప్రసాద్ గారి బృందం మళ్లీ మమ్మల్ని పిలవదు. పిలిచినా వెళ్లం. అప్పలరాజు అద్దె ఫ్లాట్ కోసం పెట్టుకున్న అర్జీకి ఇంకా జవాబు రాలేదు. వారానికి రెండుసార్లు, ప్రాక్టీసు అయ్యాక, నూకరత్నానికి వాయిస్ మెసేజ్ పెడతాడు. ఆమె ఇప్పుడు ఒక ఆసుపత్రిలో వార్డు పనికి వెళ్తోంది, ఆదివారాలు షెల్టర్‌లో కొత్తగా వచ్చినవాళ్లకి కీపింగ్ నేర్పుతోంది. రైల్లో ఆ మాట తర్వాత మళ్లీ నాతో మాట్లాడడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ మాట కూడా, "మేడం, బంతిలో గాలి తగ్గింది" అని.

ఇది అచ్చుకి ఇచ్చేముందు ఆమెని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. నూకరత్నం ఆమె అసలు పేరు కాదు, తను ఎంచుకున్నది. అప్పలరాజు పేరు కూడా ఫోనులో ఆయన్నే అడిగి మార్చాను. నూకరత్నం రెండు పేరాలు తీసేయమంది, తీసేశాను. తర్వాత ఒకటి కలపమంది.

"రెండో సగంలో ఆళ్లకి పెనాల్టీ వచ్చింది కదా. మీరు గేటు కాడ అరుస్తన్నారు, సూడలేదు. ఆ పొడుగాటి చైనా ఆయన కొట్టేడు. కుడివైపు సూస్తా ఎడమకి కొట్టేడు. నాను ముందే ఎడమకి దూకీసేను. ఈ చెయ్యి తగిలింది, బంతి పోస్టు పక్కనించి ఎల్లిపోయింది. అది రాయండి మేడం. చెయ్యి ఎడమదని రాయండి."